గేటు ప్లీడరు వంతెన

ఊళ్లో ఆయన్ని అందరూ గేటు ప్లీడరు అనేవారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు. ఊరిని రెండు ముక్కలు చేసే రైలు గేటు మీద వంతెన కట్టిస్తానన్న ఒక్క మాట పట్టుకుని ఆయన రాజకీయాల్లోకి దిగాడు. ఇళ్లన్నీ పట్టాలకు ఇవతల, ఆసుపత్రి అవతల. ఆయన తండ్రి గుండెనొప్పితో ఆటోలో ఆ గేటు ముందే ప్రాణం వదిలాడు. అప్పటికి కాలేజీలో చదువుతున్న ఆయన ఆటో దిగి, దించిన గేటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. అక్క మాత్రం ఆటోలోనే ఉండిపోయింది.

తండ్రి పోయాక ఇల్లు అక్క నెత్తిన పడింది. గేటు పక్కనే టీ కొట్టు పెట్టింది. గేటు పడితే బళ్లు ఆగుతాయి, బళ్లు ఆగితే జనం దిగి టీ తాగుతారు. ఆ కొట్టు మీదే తమ్ముణ్ణి లా చదివించింది. ఎవరైనా పెళ్లి ఊసెత్తితే "ముందు వాణ్ణి నల్లకోటు తొడగనివ్వండి" అనేది. వాడు కోటు తొడిగేనాటికి ఆ ఊసెత్తేవాళ్లు లేకుండా పోయారు.

మొదటిసారి ఆయన ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. ప్రచారానికి కారు కూడా లేదు. గేటు పడినప్పుడల్లా ఆగిన బస్సుల కిటికీల దగ్గరికెళ్లి మాట్లాడేవాడు. అక్క కొట్టే ఆఫీసు. పంక్చర్లు వేసేవాడు, పండ్ల బళ్లవాళ్లు, గేటు దగ్గరి చిల్లర దుకాణాలవాళ్లందరూ ఆయన తరఫున గొంతు చించుకున్నారు. రాజకీయాల్లో పాతకాపైన సిమెంటు వ్యాపారిని ఓడించి ఆయన గెలిచాడు.

శాసనసభలో ఆయనకు చిట్టచివరి వరుస దక్కింది. వంతెన గురించి ప్రశ్న ఇచ్చేవాడు. ఆయన వంతు వచ్చేలోపు ఎవరో ఎవర్నో ఏదో అనేవారు, కాగితాలు గాల్లోకి ఎగిరేవి, సభ వాయిదా పడేది. ఒకసారి నిజంగానే ఆయన మైకు వెలిగింది. "అధ్యక్షా, మా ఊరి గేటు" అన్నాడో లేదో భోజన విరామం ప్రకటించారు. పక్క సభ్యుడు భుజం తట్టి, "పదండి సార్, ఆలస్యమైతే కుర్చీలు దొరకవు" అన్నాడు. ప్లీడరుకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

రెండోసారీ గెలిచాడు. మంత్రి గది చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు.

"మీరు మావాళ్లు కాదు కదా ప్లీడరుగారూ," అన్నాడు మంత్రి నవ్వుతూ. "మావాళ్లకి చెయ్యలేకే చస్తున్నాం."

అందుకే మూడో ఎన్నికలో అధికార పార్టీ టిక్కెట్టు మీద నిలబడ్డాడు. ఆ రోజు భార్య ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీంచి తలెత్తలేదు. "ఇన్నాళ్లూ తిట్టిన నోటితోనే వాళ్లని పొగుడుతారా?"

"వంతెన కోసమే."

"మరి వాళ్లు మాట తప్పితే? అప్పుడు ఏ నోటితో అడుగుతారు?"

మాట తప్పలేదు. గెలిచిన మూడో ఏడు వంతెన మంజూరైంది. ప్లీడరు పరుగున అక్క కొట్టుకి వెళ్లాడు. ఆమె గ్లాసులు కడుగుతూ విని, "అంటే ఇక బళ్లు ఆగవన్నమాట" అంది.

"ఎందుకాగుతాయక్కా? పైనుంచి ఝామ్మని పోతాయి!"

"అయితే టీ ఎవరు తాగుతార్రా?"

ఇన్నేళ్లలో ఆయనకు ఆ ఆలోచన ఒక్కసారి కూడా తట్టలేదు. వెంటనే వెళ్లి ఇంజినీర్ల మీద పడ్డాడు. కూల్చే కొట్లకు బదులు ఆసుపత్రి గోడ పక్కన కొట్లు కట్టివ్వాలని పట్టుబట్టి ప్లానులో చేర్పించాడు. పై ఆఫీసులో వాటిని కొట్టేశారు. గొడవ చెయ్యబోతే మంత్రి పక్కకు పిలిచి, "కొట్లంటూ కూర్చుంటే ఉన్న వంతెన కూడా పక్క ఊరికి పోతుంది, మీ ఇష్టం" అన్నాడు. ప్లీడరు పళ్లు బిగించి ఊరుకున్నాడు.

టెండర్లు పిలిచేలోపే మళ్లీ ఎన్నికలొచ్చాయి. సిమెంటు వ్యాపారి సరిగ్గా గేటు దగ్గరే సభ పెట్టి, "నన్ను గెలిపించండి, ఒక్క కొట్టు కూడా కదలదు!" అని అరిచాడు. ఒకప్పుడు ప్లీడరు కోసం గొంతు చించుకున్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన అక్క దగ్గరికెళ్లి కూర్చున్నాడు. "నువ్వైనా వాళ్లకి చెప్పక్కా. నాన్న ఎలా పోయాడో నీకు తెలుసు కదా."

"నాకా చెప్తున్నావు? నువ్వు బయట గేటు ఊపుతుంటే ఆయన తల నా ఒళ్లో ఉంది. వంతెన వద్దని నేనెప్పుడైనా అన్నానా? మా కొట్ల సంగతేంట్రా అంటే మాత్రం, చూద్దాం చేద్దాం అని ఆఫీసరులా మాట్లాడుతున్నావు. ఈసారి నీకు ఓటెయ్యను. చాటుగా అనడం ఎందుకు, నీ మొహానే చెప్తున్నా."

ఆయన ఓడిపోయాడు. లెక్కింపు హాలు నుంచి బయటకొస్తుంటే, నిన్నటిదాకా తలుపు తీసిన డ్రైవరు కూడా ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

సిమెంటు వ్యాపారి ఎమ్మెల్యే అయిన ఏడాదికే వంతెన పని మొదలైంది. కాంట్రాక్టు ఆయన అల్లుడిది, సిమెంటు ఆయనదే. కొట్లు ఖాళీ చెయ్యమని నోటీసులు అంటించారు. గేటు దగ్గరివాళ్లందరూ ప్లీడరు ఇంటికొచ్చారు. అక్క మాత్రం గుమ్మం బయటే నిలబడింది.

"స్టే తెప్పించండి సార్, వంతెన ఆపించండి," అన్నాడు పంక్చర్లు వేసేవాడు.

ప్లీడరు దిగ్గున లేచాడు. "నన్నా ఆపించమంటున్నావు? దాని కోసం తిట్టినవాళ్ల కాళ్లు పట్టుకున్నాను. పార్టీ మారాను. మీ చేత ఓడిపోయాను. ఇప్పుడు నేనే వెళ్లి వద్దనాలా?"

గుమ్మం బయట నిలబడ్డ అక్క చెప్పులు చూసుకుంటోంది. కాసేపటికి ఆయన మళ్లీ కూర్చున్నాడు.

"వంతెన ఆపమని వాదించను. మీకు కొట్లిచ్చాకే పాతవి తియ్యాలని వాదిస్తాను. అప్పుడే వాదించాల్సింది. ఇష్టముంటే వకాల్తా మీద సంతకాలు పెట్టండి."

సణుక్కుంటూనే పెట్టారు.

కోర్టులోనూ వాయిదాలే. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి ప్రభుత్వ వకీలుకి జ్వరం. ప్లీడరు విసుక్కుంటూనే ప్రతిసారీ వెళ్లాడు. చివరికి ఆసుపత్రి గోడ పక్కన అందరికీ చోటివ్వాలని తీర్పొచ్చింది. ప్లీడరు ఆనాడు అడిగిందీ అదే.

ప్రారంభోత్సవానికి ఆయన్ని పిలవలేదు. జనం వెళ్లిపోయాక అక్కతో కలిసి వంతెన మీదికి నడిచాడు. శిలాఫలకం మీద సిమెంటు వ్యాపారి పేరు అరచేయంత అక్షరాల్లో ఉంది.

"నీ పేరు లేదేంట్రా?"

"ఓడిపోయాను కదక్కా."

"అవును, ఓడించాం," అంది ఆమె మోకాలు పట్టుకుని ఆయాసపడుతూ. "మళ్లీ నిలబడతావా?"

"నిలబడితే ఓటేస్తావా?"

అక్క పిట్టగోడ పట్టుకుని రెండడుగులు వేసింది.

"ముందు నిలబడు. ఏం చెప్తావో విని చూస్తాను," అంది.