మడి డేరా

మా మామగారు యతిరాజులు గారికి సత్రాలంటే గిట్టదు. సత్రంలో వంట ఎవరు చేశారో, గిన్నెలు ఎవరు కడిగారో, మనం పడుకునే చోట నిన్న ఎవరు పడుకుని లేచారో తెలియదంటారు. రైలంటే ఇంకా గిట్టదు. తిరుపతిలో పొద్దున రైలెక్కితే రేణిగుంట మీదుగా మధ్యాహ్నానికి తిరువళ్ళూరులో దిగవచ్చు. స్వామి దర్శనం చేసుకుని మరునాటికి ఇల్లు చేరవచ్చు. అంత సులువైన పని మా ఇంట్లో ఎవరికీ రుచించదు.

మొక్కు నా కూతురిది. ఆషాఢంలో దానికి జలుబు రొమ్ములోకి దిగి, డొక్కలు ఎగరేసింది. పాలు పట్టలేక, ఏడవలేక నీలంగా అయిపోయింది. డాక్టరు గారు సూదిమందు వేసి, "గండం గడిచిందమ్మా. ఇంకొకసారి తడి తగలనిస్తే మాత్రం నేనేమీ చేయలేను" అన్నారు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామికి వైద్యుడని పేరు. కార్తీక అమావాస్యకు బిడ్డను తెచ్చి నీ ముందు పడుకోబెడతానని మొక్కుకున్నాను. అమావాస్య వానల్లో పడింది. రైలైతే వానతో ఏం పని?

యుద్ధం ముగిసి, మిలిటరీ సరుకు అంగళ్ళకు వచ్చిన సంవత్సరం అది. మామగారి స్నేహితుడొకాయన పెట్రోలు కరువులో బొగ్గు డబ్బా బిగించి నడుపుతున్న తన వ్యానునూ, దాని డ్రైవరు ప్రేమానందాన్నీ నాలుగురోజులు వాడుకోమన్నాడు. ఇక మామగారిని పట్టలేకపోయాము.

"మనకు సత్రమెందుకు? డేరా కొంటాం. యాడ నిలిస్తే ఆడే మన ఇల్లు, మన వంట, మన మడి" అన్నారు.

బిడ్డ పడుకోబోయే డేరా కాబట్టి నేనూ అంగడికి వెంటపడ్డాను. అంగడి యజమాని కుప్పుస్వామి ముందుగా ఒక తెల్లడేరా విప్పించాడు. అంచుల చుట్టూ ఎర్రని కుచ్చులు. మామగారి ముఖం వెలిగింది.

"ఏమి సంపత్తూ, పెళ్ళిపందిరి మాదిరి ఉండాది గదా."

మా ఆయన సంపత్కుమార్ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. తండ్రి ఏ లెక్క చెప్పినా ఆయనకు సరిపోతుంది. "బాగుండాది నాయనా" అన్నాడు.

"పెళ్ళి చేసేదానికి పోతా ఉండామా మామా? గుడ్డలో నుంచి అవతల మీ ముక్కు కనబడతా ఉండాది" అన్నాను.

"నీకేం తెలుసునమ్మా డేరాల సంగతి."

"డేరాలు తెలీదు. గొడుగు తెలుసు."

చెంబుతో నీళ్ళు తెమ్మన్నాను. అంగట్లో మనుషులు గుడ్డ నాలుగు మూలలూ పట్టుకుంటే మధ్యలో పోశాను. నీళ్ళు ఎక్కడా ఆగలేదు, నేరుగా మామగారి పాదాల మీదికి వచ్చాయి. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకుని, "గుడ్డ కొత్తది గదా, రెండు వానలకు బిగుసుకుంటుంది" అన్నారు. మా ఆయన తల ఊపాడు.

మూలన ఇంకొకటి, ఖాకీది, మడిచి పడేసి ఉంది. దాన్ని విప్పేసరికి మైనమూ నూనే కలిసిన వాసన గుప్పుమంది. దాంట్లో పోసిన నీళ్ళు చేమాకు మీద నిలిచినట్టు నిలిచాయి. కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. అంగడి వెనక నిలబెట్టించి లోపలికి పోయి చూశాను. తల వంచకుండా నిలబడి చీర కట్టుకోవచ్చు. అందరమూ కాళ్ళు చాపుకున్నాక కూడా ఒక పక్క తెర కట్టి అత్తగారికి వంటకు ఇవ్వవచ్చు. నేలకు కూడా అదే గుడ్డ కలిపి కుట్టారు. నీళ్ళు రావడానికి దారే లేదు.

"రంగు చూడు, బురదలో దొర్లినట్టు" అన్నారు మామగారు.

"బురదలోనే గదా మామా వేసేది."

కుప్పుస్వామి నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. ఖాకీ డేరా ఇంటికి వచ్చింది. దారిలో కనబడిన ప్రతివాడికీ మామగారు తాను నీళ్ళు పోసి పరీక్షించి కొన్నానని చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకున్నాను. నా బిడ్డ తడవకుంటే చాలు.

మా అత్తగారు కుముదవల్లమ్మ అరుగు దిగకుండానే ముక్కు మూసుకున్నారు.

"ఇదేం కంపు? సోల్జర్లు దీని కింద ఏమి తిన్నారో, ఏమి తాగినారో. దీంట్లోనా నేను సాలగ్రామాన్ని పెట్టి ఆరగింపు చేసేది?"

"రెండు దినాలు ఎండలో వేస్తే వాసన పోతుందత్తా."

"వాసన పోతుంది. మైల పోతుందా?"

 చాకలి సుబ్బన్నను పిలిపించి, డేరాను స్వర్ణముఖికి మోయించారు. చౌడు వేసి, బానలో పట్టనిది సగం సగంగా ఉడకబెట్టించారు. అత్తగారు గట్టున కూర్చుని చూశారు. నీళ్ళ మీద జిడ్డు తెట్టు కట్టింది.

"చూసినావా, ఎంత పాపం ఉండాదో దీంట్లో" అన్నారు నాతో.

"మైల కరిగిపోతా ఉండాది" అన్నారు మామగారు.

మా ఆయన కూడా వంగి చూసి, సైన్సు తెలిసినవాడిలాగా, "మిలిటరీవాళ్ళ చెమట నాయనా" అన్నాడు.

తెట్టు రావడం ఆగేదాకా ఉడికించారు. ఉతికినాక పసుపునీళ్ళు చల్లారు. ఖాకీ డేరా ఎండుగడ్డి రంగుకు తిరిగి, నా పాత నేతచీర మాదిరి మెత్తబడి ఇంటికి వచ్చింది. మైనం వాసన కూడా పోయింది. ఒక చెంబు నీళ్ళు పోసి చూస్తానన్నాను.

"ముట్టుకోవద్దు. మడి ఆరేసినాము" అన్నారు అత్తగారు.

నాకు తెలిసి మడి కట్టిన డేరా లోకంలో అదొక్కటే. దాన్ని దండెం మీద వేసి, స్నానం చేయనివాళ్ళెవరూ అటు పోకుండా కాపలా కాశారు. నేను పసిబిడ్డ తల్లిని, ఎప్పుడూ మైలే. "ఆయన పోసి చూడొచ్చు గదా, స్నానం చేసినాడు" అంటే, మా ఆయన తండ్రి ముఖం చూసి, "ఇంతకుముందు చూసినాం గదే, నీళ్ళు ఆగినాయి గదా" అన్నాడు. అంగట్లో చూసిన గుడ్డ, ఇంట్లో ఉన్న గుడ్డ ఒకటేనని ఆయన లెక్క.

అమావాస్యకు రెండు రోజుల ముందు బయలుదేరాము. నాగలాపురం దాటి సత్యవేడు దారిలో ఒక చేను పక్కన మామగారు వ్యాను ఆపించారు. మబ్బు పట్టి ఉంది. ప్రేమానందానికి డేరాలు వేయడం వచ్చు, కానీ అతను కిరస్తానీ, మడి డేరా ముట్టకూడదు. అందుకని అతను బొగ్గు డబ్బా పక్కన నిలబడి, "ఆ తాడు కాదు సామీ, ఆ పక్కది" అని చెబుతూ ఉంటే, తండ్రీ కొడుకూ తడిపంచెలతో దాని కింద దూరి, గుడ్డ నెత్తిన వేసుకుని, ఒకరినొకరు పొడుచుకుంటూ ఎట్లాగో నిలబెట్టారు. అత్తగారు వంటపక్క నేలగుడ్డ కోయించి, పేడతో అలికించి పొయ్యి పెట్టుకున్నారు.

మధ్యాహ్నం తిరగకముందే వాన వచ్చింది. మొదట చిన్నగా వచ్చింది. మామగారు పైకి చూసి, "చూడు, ఒక్క చుక్క రాలేదు. సరుకంటే ఇదీ" అన్నారు. ఆ మాట పూర్తికాకముందే ఆయన నుదుటి నామం మీద ఒక చుక్క పడింది. తరువాత అంతటా పడింది. డేరా వడకట్టే గుడ్డ మాదిరి వానను సన్నం చేసి మా మీదికి వదిలింది. కోసిన నేలపక్క నుంచి ఎర్రనీళ్ళు లోపలికి వచ్చాయి. బిడ్డను కొంగులో చుట్టుకున్నాను, కొంగూ తడిసింది. బిడ్డ తుమ్మింది, దగ్గింది, ఆపైన ఆషాఢంలో విన్న ఆ గురక మొదలైంది.

మాకున్నది ఒక్క గొడుగు. అత్తగారు దాన్ని సాలగ్రామం పెట్టె మీద పట్టుకుని కూర్చున్నారు.

"గొడుగు ఇయ్యండత్తా."

"స్వామి తడుస్తాడే."

"స్వామికి రొమ్ముపడిశం రాదత్తా."

ఆమె పెట్టెను ఒళ్ళోకి లాక్కున్నారు. గొడుగు ఇవ్వలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన ఒక చెంబు తీసుకుని, చుక్కలు పడేచోట పెట్టి, అది నిండకముందే ఇంకొక చోటికి మారుస్తున్నాడు. ఆయన చేయగలిగిన సాయం అదీ.

బిడ్డను గుండెకు అదుముకుని వానలోకి వచ్చి వ్యాను ఎక్కాను. ప్రేమానందం తన దుప్పటి ఇచ్చాడు. పొడిగా ఉంది. తడిబట్టలన్నీ తీసేసి బిడ్డను దాంట్లో చుట్టాను.

"వాని దుప్పట్లోనా బిడ్డను పెట్టింది?" డేరా లోపలి నుంచి అత్తగారి గొంతు.

"ఆరింది అదొక్కటే అత్తా." ప్రేమానందంతో అన్నాను, "అన్నా, బండి పోతుందా?"

"నిప్పు ఆరలేదమ్మా. సత్యవేడు దాకా పోతాం."

మామగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "డేరా ఎవరు పీకాల? నానిన గుడ్డ పదిమంది ఎత్తినా లేవదు."

"ఉండనీండి మామా. వానకు నిలిచేది కాదు గానీ, దొంగలకు నిలుస్తుంది. ఎవరూ తీసుకోరు."

ప్రేమానందం బండి తీశాడు. అది కదలడం చూసి అందరూ వచ్చి ఎక్కారు.

సత్యవేడులో దిగింది సత్రంలోనే. ఆ సత్రం వంటావిడ కుంపటి తెచ్చి పెట్టింది, బిడ్డ రొమ్ముకు వేడి ఆముదం రాసి కాపడం పెట్టింది. నేను దాని డొక్కల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. తెల్లవారేసరికి గురక తగ్గింది, పాలు తాగింది. అత్తగారు ఆ పూట మడి అని పస్తున్నారు. మామగారికి మాత్రం సత్రం చారు రెండుసార్లు పట్టింది.

వాన వెలిసింది. మామగారు తువ్వాలు దులిపి లేచారు.

"డేరా తెచ్చి ఆరేస్తాం. కిందా మీదా పడి అందరూ తొక్కినారు, ఇంకొకసారి ఉతికించాల. సాయంత్రానికి బయలుదేరితే రేపు అమావాస్యకు స్వామి దగ్గరుంటాం. నడుమ ఒక్క మజిలీ."

"నేను రాను మామా. పుత్తూరు బస్సెక్కి, ఆడ రైలు పట్టుకుని ఇంటికి పోతాను."



"మొక్కు మొక్కుకున్నది నువ్వు. తీర్చకుండా వెనక్కి పోతే స్వామి ఊరుకుంటాడా?" అన్నారు అత్తగారు.

"ఆయన్ను వైద్యుడంటారు గదత్తా. వైద్యుడైతే, తడిసిన బిడ్డను ఇంటికి తీసుకపొమ్మనే అంటాడు. ఎండాకాలం అమావాస్యకు నేనే తీసుకపోతాను. రైల్లో."

బస్సు సత్రం ముందుకు వచ్చి నిలిచింది. ప్రేమానందం దుప్పట్లోనే బిడ్డను చుట్టుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బిడ్డ నిద్రలో ఊపిరి తీసుకోవడం చెంపకు తగులుతోంది. మా ఆయన తడిబట్టల మూట తెచ్చి కిటికీలో నుంచి అందించాడు. సత్రం వైపు తిరిగి చూశాడు.

"ఉండు, నాయన్ను అడిగి వస్తా" అన్నాడు.

"అడిగి రండి" అన్నాను.

ఆయన సత్రం మెట్లు ఎక్కుతూ ఉండగానే బస్సు కదిలింది.