కుడికి తిప్పిన నాబ్

కొత్త యాప్ ఏదైనా జనంలోకి వదిలేముందు నలుగురితో వాడించి చూసే ఆఫీసులో చెల్లెలి ఉద్యోగం. వాడినవాళ్ళని ఆఖర్న ఎలా ఉందని అడిగితే "బాగుందండీ" అనేసి చక్కా పోతారు. మధ్యలో పడ్డ తిప్పలు ఎవరికి గుర్తుంటాయి? అందుకని చేతికింద, పాతరేడియోకి ఉన్నట్టు తిప్పే ఒక నాబ్ పెడతారు. హాయిగా ఉంటే కుడికి, చిరాకేస్తే ఎడమకి తిప్పుతూ ఉండాలి. దాన్నిబట్టి పక్కగదిలో తెరమీద గీత పైకీ కిందకీ పోతుంది. పని ముగిసేదాకా ఆఫీసువాళ్ళు నోరు మెదపకూడదు. మెదిపితే పరీక్ష చెల్లదు.

ఆరోజు రావలసిన మనిషి ఎగ్గొట్టడంతో చెల్లెలు అక్కని పిలిపించింది. బావ పోయినప్పటినుంచీ అక్క గడప దాటడం లేదు. ఈ వంకనైనా కాస్త బయటికొస్తుందని ఆశ.

అది ఆసుపత్రి యాప్. అక్క పేరూ వయసూ చకచకా కొట్టింది. తర్వాత 'అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?' అని వచ్చింది. పక్కగదిలో కెమెరా తెర చూస్తున్న చెల్లెలు చటుక్కున ముందుకు జరిగింది. ఆ ప్రశ్న అక్కడుందని తెలియక కాదు. రోజూ చూసి చూసి, అది ఒక మనిషిని అడిగే ప్రశ్నన్న సంగతే మర్చిపోయింది.

అక్క ఒక నంబరు కొట్టింది. 'ఈ నంబరు పనిచేయడం లేదు' అంది యాప్. మళ్ళీ అదే కొట్టింది, మళ్ళీ అదే జవాబు. ఆ నంబరు బావది. దిక్కుమాలిన యాప్, అది నింపితేగాని ముందుకు కదలదు. కెమెరాలో అక్క కళ్ళు తుడుచుకోవడం కనిపిస్తూనే ఉంది. గీత మాత్రం పైపైకే పోతోంది.

"ఎంత బాగా వస్తోందో చూశావా!" అన్నాడు పక్కనే కూర్చున్న మేనేజరు. ఆయన చూపంతా గీతమీదే.

లేచి వెళ్ళి "ఇక చాలక్కా" అంటే సరిపోయేది. ఉద్యోగానికి భయపడి చెల్లెలు కుర్చీకి అతుక్కుపోయింది.

చివరికి అక్కే "నావల్ల కాదమ్మా" అని చేతులెత్తేసింది. అప్పుడు పరుగెత్తింది చెల్లెలు.

"అంత కష్టంగా ఉంటే ఎడమకి తిప్పాలి కదక్కా!"

"తిప్పితే మీవాళ్ళు నిన్నేమైనా అంటారేమోనని..."

"పోనీ, నా నంబరు కొట్టొచ్చుగా?"

"నీది ఫోన్‌లో పేరు చూసి నొక్కడమేగా, నాకెక్కడ గుర్తుంటుంది? నా ఫోనేమో బయట పెట్టించారు. నోటికి వచ్చింది ఆయనదొక్కటేనే."

చెల్లెలు అక్క ఒళ్ళో తలపెట్టి భోరుమంది. "ఊరుకోవే, పిచ్చిదానా" అంటూ వీపు నిమిరింది అక్కే.