ఎత్తు పెంచిన బల్ల

ఆ రోజు పొద్దున ఆ మేడమీది ఇంట్లో ఉన్నది నలుగురు. వంటింట్లో అక్క, వరండాలో పేపరు చదువుతున్న బావ, ముందుగది మూలలో కాజాలు కుట్టే అవ్వ, వెనకగదిలో మంచం మీద కత్తెరమ్మ. కాసేపట్లో ఐదో మనిషి వస్తుందన్న సంగతి కత్తెరమ్మకు తప్ప మిగతా ముగ్గురికీ తెలుసు.

కత్తెరమ్మ మంచం దిగే పనిలో ఉంది. ఈ మధ్య అదీ ఒక పనే అయింది. ముందు మోకాళ్లు మడవాలి. భుజాలూ నడుమూ కాళ్లూ ఒకే దుంగలా పక్కకు దొర్లాలి. కాళ్లు మంచం మీంచి కిందికి జారుతుంటే మోచేతి ఊతంతో ఒళ్లంతా ఒక్కసారే పైకి లేవాలి. ఎక్కడా మెలి పడకూడదు. ఆస్పత్రిలో నర్సు ఇది నేర్పినప్పుడు, "నేనేమన్నా చాపనా తల్లీ చుట్టి దొర్లించడానికి?" అని నవ్వబోయింది. కుట్ల దగ్గర మంట పుట్టి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆమె నడుములో అరిగిపోయిన ఎముకలను కలిపి మరలు బిగించారు. అటూ ఇటూ కడ్డీలు వేశారు. అవి అతుక్కునేదాకా వంగొద్దు, బరువెత్తొద్దు, మెలి తిరగొద్దు అన్నారు. ఇన్ని నెలలూ తమ్ముడి ఇంట్లో ఆ మూడు మాటలనే కాపాడుకుంటూ బతికింది. తుమ్ము వస్తే దేవుణ్ణి తలుచుకునేది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పేది కాదు, తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరిగేది. దువ్వెన కింద పడితే, గదిలోకి ఎవరో ఒకరు వచ్చేదాకా నూతిలో పడ్డ బిందెను చూసినట్టు దానివైపు చూస్తూ నిలబడేది. అన్నిటికీ ఓర్చుకుంది. మళ్లీ బట్టలు కత్తిరించే బల్ల ముందు నిలబడాలి, అంతే. "నువ్వు లేచి వచ్చేదాకా నీ చోటు నీదే," అని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లే ముందు అక్క చెయ్యి పట్టుకుని చెప్పింది.

నిజానికి వచ్చే వారం రావాలి. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎముక అతుక్కుందనగానే ఉండబట్టలేక నిన్న సాయంత్రమే వచ్చేసింది. అప్పటికే ముందుగదిలోని కుట్టు దుకాణం మూసేశారు. పక్క తలుపు తీసిన అక్క ముఖంలోకి సంతోషం రావడానికి కాస్త ఆలస్యమైంది.

"చెప్పకుండా వచ్చావేమే?"

"మనింటికి రావడానికి కబురు పంపాలా అక్కా?"

బావ వచ్చి సంచి అందుకున్నాడు. "మరదలా, నడుములో ఇనుము వేయించుకొచ్చావట. వానలో తిరక్కు, తుప్పు పడతావు," అన్నాడు. కత్తెరమ్మ జాగ్రత్తగా నవ్వింది. అక్క నవ్వలేదు.

ఇప్పుడామె నడుముకు బెల్టు బిగించుకుంది. ఇక అక్కర్లేదని డాక్టరు అన్నాడు గానీ, పనిలోకి దిగే మొదటి రోజు కదా, ఉండనీ అనుకుంది. గోడ పట్టుకుని నడిచి ముందుగది తలుపు తోసింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

బల్ల ఎత్తు పెరిగింది. నాలుగు కాళ్ల కింద ఇటుకలు ఉన్నాయి. గచ్చు గీరుకుపోకుండా ఇటుకలకు గోనెపట్టా చుట్టి, కదలకుండా దారంతో గట్టిగా కట్టారు. ఎవరో మనసు పెట్టి చేసిన పని అది.

అది అమ్మ బల్ల. అమ్మ పోయిన ఏడాది బడి మానేసి కత్తెరమ్మ దాని ముందు నిలబడింది. అక్క మిషను మీద కూర్చుంది. ఎడమచేతి వాటం పిల్లకు మామూలు కత్తెర పనికిరాదని నాన్న కమ్మరి దగ్గర కూర్చుని ఎడమచేతికి సరిపోయేలా ఒకటి చేయించాడు. ఆ కత్తెర ఇంకెవరి చేతిలోనూ తెగదు, బట్టను మధ్యలో ఇరికించుకుని నములుతుంది. అలా కత్తెరమ్మ అనే పేరు వచ్చింది, అసలు పేరు ఎటో పోయింది. బడి బట్టలు, పెళ్లి బట్టలు, కోట్లు, గౌన్లు, ఊళ్లో చాలామంది ఒంటి మీద ఉన్నవి ఆమె కత్తిరించినవే. పెళ్లి మాట రెండు మూడుసార్లు వచ్చింది. "ఈ సీజను కానీ, చూద్దాం," అంది అక్క. సీజను అవ్వనే లేదు.

బల్ల మరీ ఎత్తు తక్కువ. దాని మీద వంగి వంగి నడుము అరిగింది. నొప్పి తుంటి నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు పాకేది. చివరికి కాలు తిమ్మిరెక్కి చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలిసేది కాదు. "అక్కా, కాళ్ల కింద ఇటుకలు పెట్టిద్దామే," అని ఎన్నిసార్లు అడిగిందో. "అమ్మనాటి బల్ల, కదిపితే కాళ్లు ఊడిపోతాయి," అన్నదే ప్రతిసారీ జవాబు.

కత్తెరమ్మ కళ్లు నీళ్లతో నిండాయి.

"చూశావా అవ్వా! నోరు తెరిచి అడిగినన్నాళ్లూ కాదంది. నేను మంచాన పడేసరికి తనే పెట్టించింది. పైకి అలా ఉంటుంది గానీ మా అక్క మనసు వెన్న."

అవ్వ దారం కొరికి, సూదిని వెలుతురుకు ఎత్తి పట్టింది. "ఈ సూదికి కన్నం ఉందో లేదో. ఇదుగో, కాస్త దారం ఎక్కించి పెట్టు తల్లీ," అంది.

కత్తెరమ్మ దారం ఎక్కించి ఇచ్చి బల్ల దగ్గరకు వెళ్లింది. దాని అంచు ఆమె రొమ్ము కిందకు వచ్చింది. 'నా మీద ప్రేమ ఎక్కువై ఓ ఇటుక కూడా ఎక్కువైంది,' అనుకుని మురిసింది. మూలనున్న పీటను కాలితో నెట్టుకుంటూ తెచ్చి, దాని మీద ఎక్కి నిలబడింది. ఇప్పుడు సరిగ్గా ఉంది. నడుము వంచక్కర్లేదు.

బల్ల మీద నీలంరంగు కోటు బట్ట పరిచి ఉంది. దాని ఒక మూలన బరువుగా పెట్టి ఉంది ఆమె కత్తెర. దాని ఒంటినిండా సుద్దపొడి. కొంగుతో తుడిచింది. బట్ట మీద గీతలు గీసి ఉన్నాయి. అక్క గీసే గీత ఎప్పుడూ వణుకుతుంది, ఇవి వణకలేదు. 'అవసరం అన్నీ నేర్పుతుంది పాపం,' అనుకుంది. వేళ్లు కత్తెరలోకి వాటంతటవే దూరాయి. గీత వెంట బట్ట తెగుతున్న కరకర శబ్దం విని ఇన్ని నెలల తర్వాత మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. భుజం తెగింది. చంక వంపు తెగింది. పక్క అంచు తెగుతూ ఉంది.

"అయ్యయ్యో, పిన్నీ! గీత మీద కోసేశారా?"

గుమ్మంలో ఒక పొడుగాటి అమ్మాయి. చేతిలో టిఫిను డబ్బా, మెడలో టేపు. గబగబా వచ్చి బట్ట ఎత్తి చూసింది. "అది కుట్టు గీత పిన్నీ. నేను దానికి బయట రెండు వేళ్లు వదిలి కోస్తాను. ఇప్పుడు కుడితే బిగిసిపోతుంది కదా." కత్తెరమ్మ ఏనాడూ కుట్టు గీత గీయలేదు. కోసే గీతే గీసేది.

అమ్మాయి డబ్బాను కిటికీలో పెట్టింది, రోజూ పెట్టే మనిషిలా, చూడకుండానే. బల్ల ముందు నిలబడింది. అంచు సరిగ్గా ఆమె నడుము దగ్గరకు వచ్చింది, కొలిచినట్టు.

కత్తెరమ్మ పీట మీద నుంచి నెమ్మదిగా దిగింది. "ఈ ఇటుకలు..."

"నాకోసమే పిన్నీ. ఎత్తు తక్కువ బల్ల మీద చెయ్యలేనన్నాను. అమ్మగారు నేను చేరిన పూటే పెట్టించారు. మీ సంగతి చెప్పి, ఇంకో మనిషి నడుము పోగొట్టే పాపం నాకొద్దమ్మా అన్నారు." ఆ పిల్ల మాటలో కల్మషం లేదు. గొప్పగానే చెప్పింది.

"ఎప్పుడు చేరావమ్మా?"

"మీ ఆపరేషనప్పుడే. మాట్లాడుకున్నది అంతకు ముందే లెండి. మీరేదో పరీక్షలకు ఆస్పత్రికి వెళ్లారట, ఆ రోజు వచ్చి బల్ల ఎత్తు చూసుకుని వెళ్లాను."

అవ్వ తల ఎత్తలేదు. "తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే," అని కాజాతో అన్నట్టుగా గొణిగింది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బట్టను చూసింది, చెల్లిని చూసింది. నిన్న రాత్రంతా వెతుక్కున్న మాట ఆ బట్టలో దొరికినట్టు ఉంది ఆమె ముఖం.

"చూడు, వచ్చీ రాగానే! ఇది రేపిచ్చే కోటు. నిన్నెవరు ముట్టుకోమన్నారే?"

"నా చోటు నాదే అన్నావు కదక్కా."

"అన్నాను. అనకపోతే ఆపరేషను చేయించుకునేదానివా?" అక్క గొంతు కాస్త తగ్గింది. "డాక్టరు నాకు ముందే చెప్పాడు. బతుకు బాగుంటుంది గానీ ఇక రోజంతా నిలబడే పని కుదరదన్నాడు. నీకు చెబితే వద్దంటావు. కాలు పోయేది. నీ కాలు నిలబెట్టానా లేదా?"

కత్తెరమ్మ తన కాలి వైపు చూసుకుంది. నిలబడే ఉంది.

"మరి ఇటుకలు అక్కా? నేనడిగినప్పుడు?"

అక్క బల్ల మీది సుద్దను తీసి పక్కన పెట్టింది. "అప్పుడు తోచలేదే," అంది.

ఇంత పెద్ద మోసానికి ఏదో ఒక పెద్ద కారణం ఉంటుందని కత్తెరమ్మ అనుకుంది. కోపమో, పాతపగో, ఏదైనా. తోచలేదట.

"నిన్నెవరూ పొమ్మనడం లేదు. అవ్వ పక్కన కూర్చుని చేతికుట్లు వేసుకో."

"ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు అక్కా డాక్టరు. అదైనా తెలుసా నీకు?"

బావ గుమ్మం పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి హాస్యం ఆడలేదు. "ఆటో పిలవనా మరదలా?" అని మెల్లగా అడిగాడు. ఆమె తల ఊపింది. సంచి ఇంకా విప్పనే లేదు. పెట్టెలో సర్దాలంటే వంగాలి కదా, ఎవరైనా సాయం వచ్చాక చూద్దామని నిన్న అలాగే వదిలేసింది. బావ దాన్ని మోసుకుని మెట్లు దిగాడు. కత్తెరమ్మ వెనకే రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగి, సగంలో ఆగింది. ఏదో మరిచినట్టు చెయ్యి ఖాళీగా అనిపించింది. మళ్లీ పైకెక్కింది.

అప్పటికే గౌను తొడిగి చూసుకోవడానికి ఒక పెళ్లికూతురు లోపలికి వెళ్లింది. తొడిగి చూసేటప్పుడు తలుపు వేసేస్తారు. పనిచేసేవాళ్లు తప్ప లోపల ఎవరూ ఉండకూడదు. ఆ గడియ ఇన్నేళ్లూ కత్తెరమ్మే వేసేది. బావ బయట నిలబడి, "ఇంటాయన్నే ఇంట్లోంచి గెంటేస్తున్నారు చూడండి!" అని వీధికి చెప్పుకునేవాడు.

"అక్కా, నా కత్తెర..."

"కాసేపు బయట ఉండు చెల్లీ, అమ్మాయి బట్టలు మార్చుకుంటోంది. తర్వాత పంపిస్తాలే."

తలుపు వేసేశారు. గడియ పడింది.

కింద ఆటో ఆగి ఉంది. బావ పిలవలేదు, ఎదురు చూస్తున్నాడు. లోపల ఫ్యాను వేసినట్టున్నారు, బట్టలు రెపరెపలాడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే బల్ల మీద ఇనుము ఆనిన చప్పుడు. ఎవరి చేతిలోనూ తెగని ఆ కత్తెరను, బట్ట ఎగిరిపోకుండా, ఎవరో మూలన బరువుగా పెట్టారు.