పంతొమ్మిది పోగులు

నేను వేసిన అతుకు ఊడిందని ధర్మవరంలో ఇంతవరకు ఒక్కరూ అనలేదు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పట్టుపోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం నా పని. నలభై ఏండ్లుగా అదే. ఆ పేరు నమ్ముకునే మా అన్న కొడుకు శశి ఏడుపు మొహంతో వచ్చి నిలబడితే, విషయం విన్నాక నాకు ఒళ్ళు మండింది.

ఎర్రన్న కొత్తింట్లో హోం థియేటర్ పెట్టే పని వాడిది. వాడి అంగడికి మొదటి పెద్ద పని. డీవీడీ ప్లేయర్ కింది గదిలో, ప్రొజెక్టర్ మిద్దె మీది హాల్లో, నడుమ అరవై అడుగుల డిజిటల్ కేబుల్. దాని తల గోడలోని పైపులో పట్టలేదని కత్తిరించి దూర్చినాడంట.

"అత్త అతుకుతాదిలే అనుకున్యా. ఈ పొద్దు బొమ్మ రాకపోతే ఆయప్ప ఇంగొకర్ని పిలుస్తాడు" అన్నాడు.

"పట్టూ కరెంటూ ఒకటేనారా?" అని తిడుతూనే వెంట వెళ్ళాను.

కేబుల్ లోపల పంతొమ్మిది సన్నటి తీగలు. రంగుకు రంగు జతచేసి మెలిపెట్టాను. పోగు జారకుండా అలవాటు కొద్దీ వేళ్ళకు బూడిద అద్దుకోబోతే శశి చెయ్యి పట్టుకున్నాడు.

కిటికీలు మూస్తే పట్టపగలే హాలు మసకైంది. ఎర్రన్న తనే ఇంట్లోవాళ్ళ పాత వీడియో డిస్కు ఒకటి తెచ్చి పెట్టించాడు. గోడ నిండా నల్లమాడలోని వాళ్ళ చేను, ఎండిన శెనక్కాయ చెట్లు, వాటి నడుమ వాళ్ళమ్మ, పేరు చిన్నక్క. ఆమె మీద తెల్లటి చుక్కలు. సన్నగా, ఆగకుండా పడుతున్నాయి.

శశి మొహం మాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నా అతుకుది ఎర్రన్నా. వాన్నేమీ అనద్దు" అన్నాను.

ఎర్రన్న ముందుకు వంగి ఆ చుక్కలనే చూశాడు. తర్వాత మెల్లగా, "వాన పడతాన్నట్లుండాది కదక్కా" అన్నాడు. "ఇది తీసిన ఏడే మాయమ్మ వాన కోసం చూసి చూసి పోయింది."

ఎవరమూ లేవలేదు. బయట ఎండ మండిపోతున్నా నాకు చల్లగాలి తగిలినట్టే ఉంది. చిన్నక్క కొంగు తల మీదికి లాక్కుంది. ఎండకే లాక్కుని ఉంటుంది, మాకు మాత్రం తడుస్తానని లాక్కున్నట్టే కనబడింది.

వారానికి శశి బెంగుళూరు నుంచి కొత్త కేబుల్ తెప్పించాడు. ఒక్క చుక్క కూడా పడదన్నాడు. ఎర్రన్న దాన్ని విప్పకుండానే బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"మాయమ్మను మళ్ళా ఎండలో నిలబెట్టమంటావా?" అన్నాడు.