చెవులు మునిగే ఈత

"స్టూలు కాలు నేను విరగ్గొట్టలేదు," అంది ఆమె, పొయ్యి మీద పాలగిన్నె సర్దుతూ. "వదులైంది. వదులవడం వేరు, విరగడం వేరు."

"ఊరికే వదులవుతుందా?" అంది తల్లి. "ఇన్నేళ్లూ దాని మీద నేను కూర్చున్నాను. ఏమీ కాలేదు. నువ్వు దాని మీద బోర్లా పడుకుని కాళ్లు తన్నుకోవడం మొదలెట్టాక వదులైంది."

ఈ వాదన మొదలై వారం దాటింది. పూటకొకరు అందుకుంటున్నారు. ఎవరూ గెలవలేదు, స్టూలూ బాగుపడలేదు. కూర్చున్నప్పుడల్లా అది ఒక పక్కకి ఒరిగి, 'టక్' మని మళ్లీ నిలబడుతోంది. ఆ 'టక్' వినపడిన ప్రతిసారీ తల్లి కూతురి వైపు చూస్తోంది.

తన్నుకోవడం కాదు, కప్ప ఈత అని ఆమె చాలాసార్లు చెప్పింది. పాలు కాగేలోపు స్టూలు మీద పొట్ట ఆనించి, మోకాళ్లు ముడిచి, మడమలు విప్పి, గుండ్రంగా వెనక్కి తోయాలి. నీళ్లలో తప్పుతున్నదేదో గట్టు మీద సరిచేసుకోమని ఈత మాస్టారే చెప్పాడు. ఒక ఆడమనిషి, అదీ నెరిసిన జుట్టుతో, వంటింట్లో స్టూలు మీద కప్పలా కదులుతుంటే ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందో ఆమెకి తెలియకపోలేదు. కానీ తలుపు వేసుకోగలిగే గది ఆ ఇంట్లో ఆమెకి లేదు.

తమ్ముడు ఫోన్ చూసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "జిగురు రాస్తే అతుక్కుంటుంది కదక్కా. రాసెయ్యకూడదూ?"

"నువ్వు రాయి."

"జిగురెక్కడుందో నాకేం తెలుసు?"

"చివరి సొరుగులో. నిన్న చెప్పాను. మొన్నా చెప్పాను."

"ఊఁ," అన్నాడు. వినలేదు. అతని భార్య గుమ్మంలో నిలబడి జుట్టు దువ్వుకుంటూ, "వదినా, కప్ప ఈతకి స్టూలైంది. ఇక వెల్లకిలా ఈతకి నా మంచం మాత్రం అడక్కండి," అంది. తమ్ముడు పెద్దగా నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో పాలు పొంగిపోయాయి.

"చూశావా," అంది తల్లి, అదీ ఈత వల్లే అన్నట్టు.

ఆమె పొయ్యి తుడిచింది. ఆమెవి బేకరీ చేతులు. మోచేతుల దాకా కండ పట్టి ఉంటాయి. మణికట్టు పైన ఓవెన్ అంచులు తగిలిన గోధుమరంగు గీతలు. బరువు ట్రేలు ఒకే పక్క మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి దిగింది. తండ్రి పోయిన ఏడాది బేకరీలో చేరింది. తమ్ముడు స్కూల్లో ఉన్నాడప్పుడు. తెల్లవారుజామునే వెళ్లి పిండి పిసికి, బ్రెడ్లు కాల్చి, ఎండెక్కాక ఇంటికొచ్చి పాలు కాస్తుంది. తమ్ముడు చదువుకున్నాడు, ఉద్యోగంలో చేరాడు, పెళ్లి చేసుకున్నాడు. ఆమె పాలు కాస్తూనే ఉంది.

ఈ ఈతంతా ఓడ మీద పని కోసం. ఆ ఆలోచన ఆమెకి మామూలుగా తట్టేది కాదు. కిందటేడు బేకరీ వ్యాను డ్రైవరుకి తోడుగా ఎవరూ లేకపోతే, ఒక ప్రయాణికుల ఓడకి బ్రెడ్లు దింపడానికి వెళ్లింది. ఓడ వంటవాడు సరదామనిషి. లోపలికి పిలిచి వంటగది చూపించాడు. ఓవెన్‌లో అర అరకీ ట్రేలు జారిపోకుండా ఇనుప కడ్డీ అడ్డం ఉంది. గిన్నెలో పొంగుతున్న పిండి ఒక అంచున ఎత్తుగా, ఇంకో అంచున పల్లంగా ఉంది. "ఇక్కడ ఇంతేనమ్మా, వంటగదే నడుస్తుంది," అన్నాడు. ఏటవాలుగా పొంగిన ఆ పిండిని వేలితో నొక్కి చూసి ఆమె ఎందుకో నవ్వింది. ఆ నవ్వు వ్యానెక్కాక కూడా ఆగలేదు. తర్వాతి నెలలో ఓడ పనివాళ్ల శిక్షణ బడిలో పేరు రాయించుకుంది.

"ఈ వయసులో ఓడవాళ్లు తీసుకుంటారా, ఏదో సరదా," అనుకున్నారు ఇంట్లో. ఓడవాళ్లు తీసుకున్నారు. బ్రెడ్ చేసే మనిషి కావాలన్నారు. అప్పుడు ఇంట్లో కొన్నాళ్లు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఈత పరీక్ష పాసైతేనే ఓడెక్కనిస్తారని తెలిశాక తల్లి తేరుకుంది. రోజూ ఆమె తడి జుట్టుతో ఇంటికి రాగానే, "తేలావా?" అని అడిగేది. "లేదు," అనేది ఆమె. ఆ 'లేదు' విన్నాక తల్లి కలిపే టీలో పంచదార ఎప్పటికన్నా కాస్త ఎక్కువ పడేది.

ఆ రోజు ఆఖరి పరీక్ష. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు.

ఈత కొలను పైన రేకుల కప్పు. మాట్లాడిన ప్రతి మాటా ఆ రేకులకి తగిలి పెద్దదై తిరిగొస్తుంది. మందు కలిపిన నీళ్ల వాసన గుమ్మం దగ్గరే ముక్కుకి తగులుతుంది. గోడకున్న కొక్కేలకి సంచులు తగిలించి, పొట్టి నిచ్చెన మీంచి దిగాలి. ఆమె సంచిలో ఎప్పుడూ నిన్నటి బన్నులుంటాయి కాబట్టి తోటి విద్యార్థులు ఆమెని 'బ్రెడ్డక్క' అంటారు. అందరూ పిల్లలే. వాళ్లలో 'సొరచేప' అని పేరు తెచ్చుకున్నవాడు ఫ్రీ స్టైల్‌లో నీళ్లు చీల్చుకుంటూ పోతాడు. మొదటి రోజు అతన్ని చూసి ఆమె ఇంటికి వెళ్లిపోదామనుకుంది. కానీ లైఫ్ జాకెట్ తొడిగి దూకమన్న రోజున సొరచేప గుడ్లు తేలేశాడు. ఆ బరువైన జాకెట్‌లో చేతులు పైకి లేవవు.

"అందుకే నాలుగు ఈతలు," అన్నాడు మాస్టారు. ఆయన ఒకప్పుడు ఓడల మీద పనిచేసిన మనిషి. పొట్ట ఉంది, గొంతు ఉంది, ఓపిక లేదు. విజిల్ పళ్ల మధ్య పెట్టుకునే తిడతాడు కాబట్టి తిట్టు తిట్టుకీ చిన్న కూత వస్తుంది. "ఓడ నుంచి గబగబా దూరం వెళ్లాలంటే ఫ్రీ స్టైల్. నీళ్ల మీద ఏం తేలుతోందో చూసుకుంటూ పోవాలంటే కప్ప. ఇంకోడిని లాక్కురావాలంటే పక్క ఈత. ఇవన్నీ అయ్యాక, ఎవరో ఒకరు వచ్చేదాకా బతికుండాలంటే వెల్లకిలా. అది రానివాడు మిగతా మూడూ వచ్చినా నాకక్కర్లేదు."

ఫ్రీ స్టైల్ ఆమెకి ఆయాసంతో వచ్చింది. కప్ప ఈత స్టూలు ధర్మమా అని వచ్చింది. పక్క ఈత మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చింది. ఒక చెయ్యి నీళ్లు తోస్తుంటే ఇంకో చెయ్యి ఎవరినో ఒకరిని పట్టుకుని లాక్కెళ్లాలి. ఇందులో కొత్తగా నేర్చుకోడానికి ఏముందో ఆమెకి అర్థం కాలేదు.

వెల్లకిలా ఈత దగ్గరే గొడవ. పడుకోగానే మెడ దానంతటదే లేస్తుంది. మెడ లేస్తే నడుం దిగుతుంది. నడుం దిగితే కాళ్లు, కాళ్ల వెనక మనిషి. ఇన్ని వారాలుగా ఇదే వరస. ముక్కులో నీళ్లు పోతాయని భయమనుకుని మాస్టారు ముక్కుకి క్లిప్పు పెట్టించాడు. భయం కాదని ఆమెకి తెలుసు. మరేమిటో తెలియదు. తన మెడ మీద తనకే కోపంగా ఉండేది.

"బ్రెడ్డక్కా!" రేకులు అదిరాయి. "తల దిండు మీద పెట్టినట్టు పెట్టమన్నాను. నువ్వేమో దొంగ వచ్చాడేమోనని దిండు మీంచి లేచి చూస్తున్నావు!"

"దిండు మీదా నేనిలాగే పడుకుంటాను మాస్టారూ," అంది ఆమె, దగ్గుతూ. అబద్ధమేం కాదు. పాలవాడి పిలుపు, తల్లి దగ్గు, కుళాయి చప్పుడు, అన్నిటికీ ఆ ఇంట్లో లేచేది ఆమె ఒక్కతే.

"ఈ చివర నుంచి ఆ చివరకి. చెయ్యి గట్టుకి తగలకూడదు. కానియ్."

ఆమె వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడించింది. కాస్త దూరం పోయిందో లేదో, గోడ మీద సంచిలో ఫోన్ మోగింది. పాతకాలపు గంట మోత. తల్లికి వినపడాలని తమ్ముడు పెట్టింది. మెడ టక్కున లేచింది. మనిషి మునిగింది.

"మళ్లీ మీ ఇల్లే!" అన్నాడు మాస్టారు. "ఇల్లేమైనా తగలబడుతోందా?"

"తగలబడితే ఫోన్ చెయ్యరు మాస్టారూ. టీపొడి కనపడకపోతే చేస్తారు."

గట్టు మీద పిల్లలు విరగబడి నవ్వారు. ఫోన్ ఆగింది. మళ్లీ మొదలైంది. ఆమె నిచ్చెన వైపు చూసింది.

"ఎక్కితే ఎక్కు," అన్నాడు మాస్టారు, ఈసారి విజిల్ నోట్లోంచి తీసి. "ఎక్కాక ఈ బ్యాచ్‌లో మాత్రం దిగడం ఉండదు. నీ ఓడ నీకోసం ఆగదు."

అమ్మకేమైనా అయిందేమో. కాలు వదులైన స్టూలు. కాదు, టీపొడే. టీపొడి కాకపోతే సబ్బు. ఓడ మీదికి కూడా ఇలాగే చేస్తారు కాబోలు, నడి సముద్రంలో పిండి కలుపుతుంటే, అక్కా చాకెక్కడుంది అని. ఎక్కడిదో తెలియని కోపం వచ్చింది. ఇంటి మీదా, గంట మీదా, మాస్టారి మీదా, అన్నిటికన్నా ఎక్కువ తన మెడ మీద. 'మోగు. ఎంతసేపు మోగుతావో మోగు,' అనుకుని, పిండి ముద్దని బల్ల మీద కొట్టినట్టు తలని నీళ్లలోకి వెనక్కి కొట్టింది.

చెవులు మునిగాయి.

గంట ఆగిపోయింది. నిజానికి ఆగలేదని ఆమెకి తెలుసు, కానీ వినపడటం లేదు. మాస్టారు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మాట లేదు. పిల్లలు నవ్వుతున్నారు, చప్పుడు లేదు. లోపల తన ఊపిరి ఒక్కటే, పెద్దగా, నిదానంగా, పక్కన ఇంకెవరో నిద్రపోతున్నట్టు వినిపించింది. ఇన్ని వారాలూ తను కాపాడుకుంటున్నది ముక్కుని కాదు, చెవుల్ని. ఎవరు పిలిచినా వినపడని చోటుకి తను ఇంతవరకూ ఒక్కసారీ వెళ్లలేదు.

నడుం దానంతటదే లేచింది. రేకుల కప్పులో తుప్పు పట్టిన మచ్చలు ఒకటొకటే కాళ్ల వైపు వెళ్లిపోసాగాయి. అది చూస్తూ ఎంత దూరం వచ్చిందో మరిచిపోయింది. గట్టు వచ్చి నడినెత్తికి ఠంగున తగిలింది.

"పాస్!" అన్నాడు మాస్టారు, ఆమె తల పట్టుకుని లేచాక. "వెల్లకిలా ఈదేటప్పుడు గట్టు ఎప్పుడొస్తుందో చూసుకోవాలని చెప్పాల్సింది. నువ్వు అక్కడిదాకా వస్తావనుకోలేదు."

బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. "ఏం లేదక్కా," అన్నాడు తమ్ముడు. "జిగురు ఏ సొరుగన్నావో అడుగుదామని. సరేలే, పనైపోయింది."

ఆమె ఫోన్ సంచిలో పడేసి, దారి పొడుగునా నెత్తి మీద బుడిపె తడుముకుంటూ, తమ్ముణ్ణి తిట్టుకుంటూ నడిచింది. ఏం పనైపోయిందో ఇంటికి వెళ్తే గానీ తెలియలేదు.

తల్లి వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కూర్చున్నది స్టూలు మీద. వదులైన కాలికి, పక్క కాలికి కలిపి బేకరీ పొట్లాల తాడు చుట్టి ఉంది. చుట్టిన మీదే మళ్లీ చుట్టి, చివర ఇంత లావు ముడి. తాడు కొసలు నేల మీదికి వేలాడుతున్నాయి. అంత వికారమైన ముడి ఆమె జన్మలో చూడలేదు.

"ఎవరు కట్టారు?"

"వాడే. నువ్వు ఫోనెత్తలేదుగా. ఎక్కడెక్కడో వెతికాడు, దొరక్కపోతే ఇదిగో ఇలా." తల్లి బరువంతా ఒక పక్కకి వేసి చూపించింది. 'టక్' మనలేదు. "వికారంగా ఉంది. కదలడం మాత్రం లేదు."

ఆమె వేళ్లు ఊరుకోలేదు. ఆ ముడి విప్పి చక్కగా ఒకే వరసలో కట్టాలని, కొసలు కత్తిరించాలని దురద పుట్టింది. వంగింది కూడా. అంతలోనే లేచి, చేతులు కడుక్కుని, ఒక దుంప అందుకుంది. తల్లి "తేలావా?" అని అడిగింది. కుళాయి చప్పుడులో విననట్టు ఊరుకుంది. అలా ఊరుకోవడం ఇంత తేలికని ఆమెకి ఆ రోజే తెలిసింది.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నాక, తల్లి మళ్లీ అడిగింది.

"తేలాను," అంది ఆమె.

తమ్ముడి చేతిలో చెంచా గిన్నె దగ్గరే ఆగింది.

"వచ్చే వారం ఓడెక్కుతున్నాను. నేను వచ్చేసరికి ఆకులు రాలే కాలం అవుతుంది. అక్కడినుంచి ఫోన్ చేస్తాను, కానీ మీరు చేసినప్పుడల్లా పలకను." బ్రెడ్ ముక్కలు అందరి కంచాల్లో వేసింది, తన కంచంలో ఆఖరున. "జిగురు చివరి సొరుగులోనే ఉంది. వెనక్కి జరిగి ఉంటుంది, చెయ్యి పెట్టి చూడాలి."

"ఇన్నాళ్లూ రానిది ఇవాళే వచ్చిందా," అన్నాడు తమ్ముడు, ఎవరి మీదో తెలియని విసుగుతో. అతని భార్య అతని వైపు ఒక చూపు చూసి, "పాలు నేను పెడతాను వదినా," అంది. "పొంగిపోతే మాత్రం ఓడలోంచి తిట్టకండి."

తల్లి లేచి టీ పెట్టింది. కప్పు తెచ్చి కూతురి ముందు పెట్టి, నిలబడే ఉండి, ఆమె నెత్తి మీద బుడిపెని వేలితో ఒకసారి తాకింది. "ఇదేమిటి?"

"గట్టమ్మా. చూసుకోలేదు."

టీలో పంచదార లేదు. ఆమె ఆ మాట అనకుండా చివరి గుక్క దాకా తాగింది. గుమ్మంలోంచి కనిపిస్తున్న వంటింట్లో, తాడు కొసలు రెండూ నేలకి వేలాడేసుకుని, స్టూలు తన నాలుగు కాళ్ల మీదా కదలకుండా నిలబడి ఉంది.