పదిహేను దగ్గర దీపం

"టీ తెస్తూ తెస్తూ ఆ లాప్‌టాప్ కూడా పట్రా!" అని భర్త కింద షెడ్డులోంచి కేకేశాడు.

ఇల్లు పైన, మెకానిక్ షెడ్డు కింద. మధ్యలో పదిహేడు మెట్లు. రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో ఆమె మోకాళ్లనే అడగాలి. ఎనిమిదేళ్ల కిందట "చదువుకున్నదానివేగా, ఈ మెషిన్ మీద ఏం రాసుందో చూడు" అని పిలిచాడాయన. చూసింది. పొయ్యి మీద గిన్నె ఉడికే లోపల దాని పుస్తకం రెండేసి పేజీలు చదివి మొత్తం నేర్చుకుంది. ఇసకలోకీ రాళ్లలోకీ వెళ్లే బండికి టైర్లలో గాలి తగ్గించాలి. తగ్గించగానే బండి గాలి పోయిందనుకుని ఎర్రదీపం వెలిగించి, బీప్ బీప్‌మని గోల పెడుతుంది. ఆ దీపం ఎంత గాలి దగ్గర వెలగాలో లాప్‌టాప్ తగిలించి మార్చడం ఆ షెడ్డులో ఆమె ఒక్కదానికే వచ్చు. పేరు మాత్రం ఆయన హస్తవాసికి వచ్చింది. సొమ్మొకరిది, సోకొకరిది. ఒళ్లో లాప్‌టాప్‌తో డ్రైవర్ సీట్లో కూర్చున్న ఆమెని చూసి, బిల్లు కొడుతోందనుకుంటారు వచ్చినవాళ్లు. ఆయన కాదనడు. "కూచుని మీటలు నొక్కడం కూడా పనేనా?" అని అత్తగారు పొద్దున కూడా అంది.

ఆ రోజు వచ్చిన జీపాయన పెళ్లాం బిడ్డలతో కొండల్లోకి బయల్దేరాడు. ముప్పైలో ఉన్న గాలిని పద్దెనిమిదికి దించమన్నాడు. "ఆ దీపం మాత్రం వెలగకూడదు గురువుగారూ, పిల్లలు భయపడుతున్నారు."

"పూర్తిగా తీసిపారెయ్," అన్నాడు భర్త కిటికీలోకి వంగి, ఆమెకి మాత్రం వినబడేలా.

"తీసేస్తే నిజంగా గాలి పోయినా తెలియదండీ. పదిహేను దగ్గర పెడితే చాలు, ఊరికే వెలగదు," అంది చిన్న గొంతుతో.

"మా ఆవిడకి పిరికితనం ఎక్కువలెండి!" అని ఆయన జీపాయన వైపు తిరిగి నవ్వాడు. జీపాయనా నవ్వాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత పదిహేను కొట్టింది.

"అయిందా?"

"అయింది."

ఆ రెండు రోజులూ ఆమెకి తిన్నది ఒంటబట్టలేదు. దీపం వెలిగితే ఇంట్లో రణమే. నిజంగా గాలి పోయినా అది వెలక్కపోతే బాగుండునని కూడా అనుకుంది. మళ్లీ తన మీద తనకే రోత పుట్టింది. సరైన పని చేసి దొంగలా భయపడుతూ బతకడం ఎంత అన్యాయం!

మూడోరోజు అందరూ భోజనాల దగ్గరుండగా ఫోన్ మోగింది. చెయ్యి ఎంగిలని భర్త స్పీకర్ పెట్టాడు.

"గురువుగారూ, దీపం వెలిగింది!"

భర్త మొహం కందగడ్డ అయింది. ఆమె వైపు తిరిగి నోరు తెరిచేలోపే జీపాయన అందుకున్నాడు. "దిగి చూద్దును కదా, వెనక టైరు పక్కన చీలింది. అలాగే ఇంకో పది గజాలు దిగితే ఆ వాలులో బోల్తాపడేవాళ్లం. పిల్లలు వెనకే ఉన్నారు. నేను వెలగకూడదన్నా మీరు వినకపోవడమే మంచిదైంది."

కందగడ్డ ఇట్టే వికసించింది. "మరి ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోతుందాండీ? మీకు చెప్పకుండా నేనే ఉంచా."

"మా అబ్బాయి చేతి చలవ!" అని మురిసిపోయింది అత్తగారు.

"మా తమ్ముడి బండికీ అలాగే పెట్టించాలి. ఇంతకీ ఎంత దగ్గర పెట్టారు?"

భర్త దగ్గాడు. ఆవేళ ఆమె చెప్పిన అంకె ఆయన చెవికెక్కితేగా! ఫోన్ మీద ఎడమచెయ్యి కప్పి, కళ్లెగరేసి, పెదవులతో అడిగాడు: "ఎంత?"

ఎనిమిదేళ్లుగా ఆ పెదవులు అలా కదిలినప్పుడల్లా ఆమె అంకె అందిస్తూనే ఉంది. అత్తగారు కూడా ముద్ద చేత్తో పట్టుకుని చూస్తోంది, ఇది ఇంకా చెప్పదేమిటా అని. ఆమె భర్త చేతిని ఫోన్ మీంచి మెల్లగా తప్పించింది.

"పదిహేనండీ," అంది అవతలివాళ్లకి వినబడేలా. "ఈయన తీసెయ్యమన్నారు. ఉంచింది నేను."