ఎడమ మూల

మోకాలు మళ్లీ దెబ్బతిన్నాక డాక్టరు లక్ష్మీదుర్గను ఇక ఆట మానెయ్యమన్నాడు. అమలాపురం మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకి ఏళ్ల తరబడి కెప్టెన్‌గా చేసిన మనిషి ఇంట్లో కూర్చోలేదని జట్టు యజమాని బుచ్చిరాజుగారికి తెలుసు. "ఆడలేకపోతే నడిపించమ్మా" అని మేనేజరు పదవి ఇచ్చారు.

అలా ఆవిడ కోర్టు విడిచి, పక్కనున్న గాజు తలుపుల గదిలోకి వెళ్లింది. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పంపెయ్యాలో ఇక ఆవిడదే మాట. కొత్తలోనే, తనతో కలిసి ఆడినవాళ్లలో ఇద్దర్ని పంపెయ్యాల్సి వచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు.

వాళ్ల స్థానంలో కొత్త పిల్లలొచ్చారు. వచ్చిన వారానికే ఒక వింత మొదలైంది. వాళ్లలో ఎవరి చేతికి బంతి వచ్చినా, ఉన్నట్టుండి ఎడమ మూలకి విసిరేసేవారు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

కోచ్ శివరామ్ చెప్పి చెప్పి విసిగిపోయి, కొత్తపేట నుంచి వచ్చిన రమ్యశ్రీని మేనేజరు గదికి తీసుకొచ్చాడు.

"మీరే అడగండి మేడమ్. గోడకి పాసులిస్తోంది."

"ఎందుకమ్మా?"

"పిలిచేరండి" అంది రమ్యశ్రీ తల వంచుకుని.

"ఎవరు?"

"తెలీదండి. 'ఇటు, ఇటు, ఖాళీ' అని వినపడతందండి."

"అందరికీనా?"

"ఆయ్. కొత్తవాళ్లం అందరికీనండి."

లక్ష్మీదుర్గ ఆ మాటలు గుర్తుపట్టింది. ఆ మూల నాగశ్రీది. తనతో ఈ జట్టులోనే ఆడిన ఓడలరేవు పిల్ల. అక్కడే నిలబడి, ఆ మాటలే అరిచి బంతి అడిగేది. జ్వరంతో పోయి ఆరేళ్లయింది. ఈ పిల్లల్లో ఎవరూ ఆమెను చూసి ఎరగరు.

లక్ష్మీదుర్గ లేచింది. చెప్పులు విడిచి కోర్టులోకి నడిచింది. బంతి అందుకుని, ఒకప్పుడు తను ఆడిన చోటే నిలబడింది. మిట్టమధ్యాహ్నపు ఎండ రేకుల సందుల్లోంచి నేల మీద పడుతోంది. అమ్మాయిలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఇటు అక్కా. ఖాళీ."

చెవి పక్కనే అన్నట్టు వినబడింది. చూడకుండానే విసిరింది, పాత అలవాటు. బంతి గోడకి తగిలిన చప్పుడు కాలేదు. నేల మీద పడ్డ చప్పుడూ కాలేదు. తల తిప్పేసరికి అది బాస్కెట్ వలలోంచి జారి, దొర్లుకుంటూ ఆవిడ పాదాల దగ్గరికొచ్చి ఆగింది. ఎవరి చేతి చెమటో అంటినట్టు తడిగా ఉంది.

శివరామ్ ఈల ఊదబోయి ఊదలేకపోయాడు.

ఆ నెలలోనే బుచ్చిరాజుగారు జట్టును కాకినాడలో పెద్ద స్టేడియానికి మారుద్దామన్నారు.

"వద్దండి" అంది లక్ష్మీదుర్గ.

"కారణం చెప్పమ్మా."

ఇక్కడ మన జట్టుకి ఆడేది అయిదుగురు కాదు, ఆరుగురండీ అందామనుకుంది. కానీ, "ఇక్కడ మనవాళ్లకి అలవాటండి" అని ఊరుకుంది. ఆవిడ ముఖం చూసి ఆయన మరి రెట్టించలేదు.

ఆ ఏడు సొంత కోర్టులో వాళ్లు ఒక్క ఆటా ఓడలేదు. ఊరందరూ కొత్త మేనేజరు తెలివిని మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం గదిలో కూర్చుని, ఆడటానికొచ్చిన పొరుగు జట్ల పిల్లల్నే చూసేది. ఎవరూ చెప్పకుండానే, ఆ మూల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ఎవరికో దారిచ్చినట్టు పక్కకి తప్పుకుని పరిగెత్తేవారు.